రెండు పిన్నులు తీస్తే ఎంత మారుతుంది? ఏఆర్-15 అప్పర్లు, వేట కేలిబర్లు

అమెరికాలో జింకల వేట సీజన్ దగ్గర పడుతుంటే గన్ షాపుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. ఇంట్లో ఉన్న ఏఆర్-15తో, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా కాల్చి తర్వాతిది దానంతటదే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో, జింకను కొట్టవచ్చా, లేక దానికోసం ఇంకో రైఫిల్ కొనాలా? ఈ రెండింటికీ మధ్యలో మూడో దారి కూడా ఉంది. రైఫిల్ కింది సగాన్ని అలాగే ఉంచుకుని, పై సగాన్ని మాత్రం మార్చి వేరే కేలిబర్, అంటే వేరే కొలత, తూటా కాల్చడం. వేటగాళ్లు దీన్ని ‘అప్పర్ మార్చడం’ అంటారు. మార్చడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం ఎంత తేలికో, దాని ముందు తీసుకోవాల్సిన నిర్ణయాలు అంత తేలిక కావు. ఏ అప్పర్ కొనాలో వేటాడే జంతువును బట్టి, వేటాడే రాష్ట్రం చట్టాన్ని బట్టి తేలాలి. చాలామంది తూటా పేరు మీద మోజుతో కొనేసి, అది ఎందుకు పనికొస్తుందో తర్వాత ఆలోచిస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఏఆర్-15 నిర్మాణమే ఈ మార్పిడికి వీలు కల్పిస్తుంది. 1950ల్లో ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ ముందుగా ఏఆర్-10 అనే పెద్ద రైఫిల్‌ను రూపొందించారు. దాన్నే చిన్న తూటాకు తగ్గట్టు కుదిస్తే ఏఆర్-15 అయింది. 1959లో కోల్ట్ కంపెనీ దాని హక్కులు కొన్నది. 1964 నాటికి సాధారణ పౌరులకు అమ్మే రకం కూడా బయటికొచ్చింది. ఈ రైఫిల్‌లో ప్రధాన భాగాలు రెండు. ట్రిగ్గర్, సేఫ్టీ, స్టాక్, మ్యాగజైన్ (తూటాల పెట్టె) పెట్టే గాడి ఉన్న భాగం లోయర్. బ్యారెల్, తూటా వెనక మూసుకునే బోల్ట్, గ్యాస్ గొట్టం, స్కోప్ బిగించే పట్టీ ఉన్నది అప్పర్. ఈ రెండింటినీ కలిపి ఉంచేవి ముందొకటి, వెనకొకటి ఉండే రెండు పిన్నులు. మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలుతో తడిమి నిర్ధారించుకున్నాక వెనక పిన్నును ఎడమ నుంచి కుడికి నెట్టితే రైఫిల్ నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది. ముందు పిన్ను కూడా లాగితే అప్పర్ చేతిలోకి వస్తుంది. ఇంకో అప్పర్ పెట్టి పిన్నులు నొక్కేస్తే పని అయిపోయినట్టే.

అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ లోయరే. సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. లైసెన్సున్న డీలర్ దగ్గర కొనేటప్పుడు జరిగే నేపథ్య పరిశీలన కూడా దానికే. అప్పర్ విడిభాగం కిందికి వస్తుంది కాబట్టి చాలా రాష్ట్రాల్లో నేరుగా ఇంటికే పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు. ఇన్ని కేలిబర్లలో అప్పర్ల మార్కెట్ పెరగడానికి ఇంజనీరింగ్ ఎంత కారణమో ఈ చట్టపరమైన వెసులుబాటు కూడా అంతే కారణం. యూరప్‌లోనూ మార్చే బ్యారెళ్ల సంప్రదాయం ఉంది. 2008లో వచ్చిన బ్లేజర్ ఆర్8 అనే జర్మన్ రైఫిల్‌లో బ్యారెల్ మార్చి కేలిబర్ మార్చుకోవచ్చు. కానీ జర్మనీలో అలా కొన్న ప్రతి అదనపు బ్యారెల్‌నూ యజమాని ఆయుధ కార్డులో నమోదు చేయించాలి. అమెరికాలో ఆ లెక్క లేదు.

అప్పర్ మార్పిడిలో వేటగాడికి దక్కే అసలు లాభం ధర తగ్గడం కంటే స్కోప్ గురి చెదరకపోవడం. స్కోప్ అప్పర్ మీదే, బ్యారెల్ కూడా అందులోనే. రెండూ ఒకదానికొకటి బిగించిన స్థితిలోనే ఉంటాయి కాబట్టి తీసి మళ్ళీ పెట్టినా జీరో, అంటే ముందే సరిచేసుకున్న గురి, దాదాపు అలాగే ఉంటుంది. అయినా అడవికి వెళ్లే ముందు రేంజ్‌లో మూడు తూటాలు కాల్చి చూసుకోకపోతే పొరపాటే. ప్రయాణంలో స్కోప్‌కు తగిలిన దెబ్బ బయటికి కనిపించదు. ఇంకో లాభం అలవాటుకు సంబంధించినది. ట్రిగ్గర్ బరువు, సేఫ్టీ ఉన్న చోటు, స్టాక్ భుజానికి ఆనే తీరు ఏ కేలిబర్‌తోనైనా ఒక్కటే. చలిలో, మసక వెలుతురులో, గుండె దడదడలాడుతున్నప్పుడు చేతులకు ముందే తెలిసిన తుపాకీ ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఏఆర్-15 మామూలుగా కాల్చే .223 రెమింగ్టన్ తూటా జింకకు ఎందుకు చాలదంటారు? 55 గ్రెయిన్ల బుల్లెట్, అంటే మూడున్నర గ్రాముల చిల్లర బరువున్నది, సెకనుకు 3,240 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. బ్యారెల్ మూతి దగ్గర దాని శక్తి సుమారు 1,280 ఫుట్-పౌండ్లు. జింకకు తగిలేచోట వెయ్యి ఫుట్-పౌండ్లు ఉండాలన్నది వేటగాళ్లలో పాతకాలపు కొండగుర్తు. అది శాస్త్రం కాదు. ఒంట్లోకి దిగి, విచ్చుకుని, ఊపిరితిత్తులదాకా చేరే బుల్లెట్ తయారీయే అంతకన్నా ముఖ్యం. కానీ తేలికైన బుల్లెట్‌తో గురి కాస్త తప్పినా సర్దుకునే వీలు తక్కువ. కయోటీలకు (నక్కను పోలిన జంతువులు), ప్రెయిరీ డాగ్‌లకు (ఉడుత జాతి జంతువులు) బాగా సరిపోయే పలుచని బుల్లెట్లు జింక భుజం ఎముకకు తగిలితే పైపైనే ముక్కలైపోతాయి. గాయంతో పారిపోయిన జంతువు ఎక్కడో పొదల్లో గంటలకొద్దీ నరకం చూస్తుంది. అందుకే కొన్ని రాష్ట్రాలు దీన్ని వేటగాడి విచక్షణకు వదిలేయలేదు. కొలరాడోలో పెద్ద జంతువులకు కనీసం .24 కేలిబర్ ఉండాలి. వర్జీనియాలో జింకకు .23 లేదా అంతకు మించి ఉండాలి. .223 బుల్లెట్ అసలు వ్యాసం .224 అంగుళాలే కాబట్టి రెండు చోట్లా అది చెల్లదు. టెక్సాస్‌లో జింకకు రిమ్‌ఫైర్ తూటాలు (అడుగు అంచు మీద కొడితే పేలేవి) పనికిరావన్న నిబంధన ఉంది, .223ను మాత్రం ఎవరూ ఆపరు.

ఇక మార్చుకుందాం అనుకున్నాక ఏది కొనాలి? ఇక్కడ లోయర్ ఒక గట్టి హద్దు పెడుతుంది. మ్యాగజైన్ గాడి కొలత మారదు. అందులో పట్టే తూటా మొత్తం పొడవు దాదాపు 2.26 అంగుళాలు. .308 వించెస్టర్, .270 వించెస్టర్ లాంటి పేరున్న వేట తూటాలు ఆ పెట్టెలో పట్టవు. .308 కావాలంటే ఏఆర్-10 తరహా పెద్ద రైఫిల్ కొనుక్కోవాల్సిందే, .270 అయితే మామూలు ఏఆర్-10లో కూడా పట్టదు. ఏఆర్-15లో ‘వేట కేలిబర్లు’ అని పిలిచేవన్నీ ఆ చిన్న పెట్టెలో ఇమడటానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి తగ్గించుకుని చేసినవే. ఒకరు పొడవు తగ్గించారు, ఒకరు లావు చేశారు, ఇంకొకరు పీడనం తగ్గించారు. ఈ సంగతి గుర్తుంటే ప్రకటనల్లో రాసే మాటలకు ఎంత విలువివ్వాలో తెలుస్తుంది.

.300 బ్లాకౌట్ పొడవు తగ్గించిన రకం. .223 కేసునే (మందు నింపే లోహపు గొట్టాన్నే) 1.76 అంగుళాల నుంచి 1.368 అంగుళాలకు కోసి, నోటిని వెడల్పు చేసి .308 అంగుళాల బుల్లెట్ పెట్టారు. అడ్వాన్స్‌డ్ ఆర్మమెంట్ కార్పొరేషన్ తయారుచేసిన ఈ తూటాకు 2011లో అమెరికా తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ ఆమోదం వచ్చింది. కేసు అడుగు భాగం .223దే కాబట్టి బోల్ట్ రకం అదే, మ్యాగజైన్ అదే. మారేది బ్యారెల్ ఒక్కటే. అందుకే ఇది అంత త్వరగా వ్యాపించింది. 110 గ్రెయిన్ల బుల్లెట్‌తో సెకనుకు సుమారు 2,375 అడుగుల వేగం, 1,375 ఫుట్-పౌండ్ల శక్తి వస్తాయి. 150 గజాల లోపు జింకకు, పందికి సరిపోతుంది.

ఇదే తూటాలో ధ్వని వేగం కన్నా తక్కువగా పోయే సబ్‌సోనిక్ రకం ఉంది. శబ్దాన్ని తగ్గించే సప్రెసర్‌తో రాత్రిపూట పందులను వేటాడేవాళ్లకు అది ఇష్టం. 220 గ్రెయిన్ల బరువు, సెకనుకు 1,010 అడుగుల వేగం. శక్తి లెక్కేస్తే 500 ఫుట్-పౌండ్లే. 50 గజాలకు జీరో చేస్తే 100 గజాల దగ్గరికే ఆరంగుళాలు కిందికి దిగుతుంది, 150 దగ్గర దాదాపు రెండడుగులు. జింక ప్రాణం నిలిచే భాగం వెడల్పు ఎనిమిది అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. దూరం అంచనా కాస్త తప్పినా గురి ఎక్కడికి పోతుందో ఈ అంకెలే చెబుతాయి. ఆ తక్కువ వేగంలో కూడా విచ్చుకునేలా ప్రత్యేకంగా చేసిన బుల్లెట్ అయితే తప్ప, జింక మీద సబ్‌సోనిక్ వాడటం జంతువుకు అన్యాయం చేయడమే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం కూడా ఈ తూటాతోనే. .223, .300 బ్లాకౌట్ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే కింది సగం ఒక్కలాగే ఉంటుంది. రెండూ ఒకే మ్యాగజైన్‌లో నిండుతాయి, చూపులేని చేతికి తేడా తెలియదు. పొరపాటున బ్లాకౌట్ తూటా .223 అప్పర్‌లోకి వెళ్లిందనుకుందాం. .308 అంగుళాల బుల్లెట్ .224 అంగుళాల బ్యారెల్ మొదట్లో ఆగిపోవాలి. చాలాసార్లు బోల్ట్ మూసుకోకుండా ఆగుతుంది కూడా. కానీ కొన్ని రకాల బుల్లెట్లు బోల్ట్ తోపుకు కేసు లోపలికి వెనక్కి జరిగి, బోల్ట్ పూర్తిగా మూసుకునేలా చేస్తాయి. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే మందు కాలి వచ్చే వాయువులకు ముందుకు దారి ఉండదు. బోల్ట్ పగులుతుంది, అప్పర్ చీలుతుంది, మ్యాగజైన్ కిందికి ఎగిరిపోతుంది. ముఖం ఆ పేలుడుకు జానెడు దూరంలోనే ఉంటుంది. అమెరికా షూటింగ్ రేంజ్‌లలో ఇలా పగిలిన రైఫిళ్లను చూసినవాళ్లున్నారు.

అందుకే అనుభవమున్నవాళ్లు రెండు కేలిబర్ల తూటాలను ఒకేసారి ఒకే సంచిలో పెట్టరు. బ్లాకౌట్ మ్యాగజైన్లకు వేరే రంగువి కొంటారు, లేదా అడుగున రంగు రబ్బరు పట్టీ వేస్తారు, డస్ట్ కవర్ (అప్పర్ పక్కన కేసులు బయటికొచ్చే కంత మూత) మీద కేలిబర్ పేరు చెక్కించుకుంటారు. ఇవన్నీ మంచివే. కానీ వీటికన్నా నమ్మకమైనది ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే ఒక్క కేలిబర్ అప్పర్, దాని తూటాలు మాత్రమే బండిలో పెట్టుకోవడం. రెండోది ఇంట్లోనే ఉండాలి. రెండూ వెంట తీసుకెళ్తే సౌకర్యం అనిపిస్తుంది, ఆ సౌకర్యంలోనే ప్రమాదం ఉంది.

6.5 గ్రెండెల్ దారి వేరు. బిల్ అలెగ్జాండర్ 2003లో దీన్ని పరిచయం చేశారు. పొడవు పెంచే వీలు లేదు కాబట్టి కేసును పొట్టిగా, లావుగా చేసి, సన్నగా పొడవుగా గాలిని చీల్చుకుపోయే బుల్లెట్ పెట్టారు. 123 గ్రెయిన్ల బుల్లెట్ 24 అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు 2,580 అడుగుల వేగంతో, సుమారు 1,800 ఫుట్-పౌండ్లతో వెళ్తుంది. 300 గజాల దగ్గర కూడా వెయ్యికి తగ్గదు. పొలాల్లో, పచ్చిక మైదానాల్లో దూరం నుంచి కొట్టాల్సినచోట ఏఆర్-15 పరిమాణంలో ఇదే సరైన ఎంపిక. అదే కుటుంబంలో 2020లో తూటాల కంపెనీ హోర్నడీ తెచ్చిన 6 మిల్లీమీటర్ల ఏఆర్‌సీ కొలరాడో .24 హద్దును కూడా దాటుతుంది.

గ్రెండెల్‌కు మూల్యం బోల్ట్ దగ్గర చెల్లించాలి. కేసు అడుగు వ్యాసం .223కి .378 అంగుళాలు, గ్రెండెల్‌కు .44 అంగుళాల దాకా. ఆ కేసు కూర్చోవడానికి బోల్ట్ ముఖాన్ని తొలిచేకొద్దీ చుట్టూ ఉండే లోహం సన్నబడుతుంది. మరోవైపు వ్యాసం పెరిగేకొద్దీ బోల్ట్‌ను వెనక్కి తోసే బలం కూడా పెరుగుతుంది. అందుకే సామీ గ్రెండెల్ పీడనాన్ని చదరపు అంగుళానికి 52,000 పౌండ్ల దగ్గర ఆపింది. .223, బ్లాకౌట్‌లకు అది 55,000. ఆ మూడు వేల తేడాను చిన్నదిగా తీసుకుని ఇంట్లో తూటాలు నింపేవాళ్లు మందు మరి కాస్త వేస్తే విరిగేది బోల్ట్‌ను బిగించి పట్టి ఉంచే చెవులే. బోల్ట్ వేరే కావాలి, మ్యాగజైన్ వేరే కావాలి. బోల్ట్‌ను ఏ బ్యారెల్‌తో వచ్చిందో ఆ బ్యారెల్‌తోనే ఉంచాలి. మూసుకున్న బోల్ట్‌కూ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకూ మధ్య కొలతను హెడ్‌స్పేస్ అంటారు. అది తప్పితే కేసు సాగుతుంది, చీలుతుంది. ‘ఒక బోల్ట్‌తో రెండు అప్పర్లు నడుపుదాం’ అన్న పొదుపు చేయకూడనిది.

మధ్య పశ్చిమ రాష్ట్రాల కథ ఇంకా ఆసక్తికరం. ఒహాయో, మిషిగన్ దక్షిణ భాగం, ఇండియానా, అయోవా లాంటి చోట్ల నేల చదునుగా ఉంటుంది, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. గురి తప్పిన రైఫిల్ బుల్లెట్ మైళ్ల దూరం వెళ్తుందన్న భయంతో దశాబ్దాలపాటు అక్కడ జింకకు షాట్‌గన్ స్లగ్ (ఒంటి లావు గుండు) తప్ప రైఫిల్ ఒప్పుకోలేదు. తర్వాత నడుము సన్నబడకుండా నిటారుగా ఉండే కేసున్న తూటాలకు దారి వదిలారు. వాటి బుల్లెట్ లావుగా, మొండిగా ఉండి త్వరగా వేగం కోల్పోతుంది. 2014లో ఒహాయో, మిషిగన్ రెండూ ఇలాంటి తూటాలను ఒప్పుకున్నాయి. మిషిగన్ నిబంధన చాలా కచ్చితంగా రాశారు: బుల్లెట్ .35 కేలిబర్ లేదా ఎక్కువ, కేసు పొడవు 1.16 అంగుళాల నుంచి 1.80 అంగుళాల మధ్య.

ఆ ఒక్క వాక్యం తూటా పరిశ్రమ దారి మార్చింది. 2007లో వచ్చి పెద్దగా ఆదరణ లేకుండా ఉన్న .450 బుష్‌మాస్టర్ కేసు పొడవు 1.70 అంగుళాలు, నిబంధనలో చక్కగా పట్టింది. ఒక్కసారిగా జింకల వేటగాళ్ల నోళ్లలో నానింది. 250 గ్రెయిన్ల బుల్లెట్, సెకనుకు 2,200 అడుగులు, దాదాపు 2,700 ఫుట్-పౌండ్లు. కేసు అడుగు .473 అంగుళాలు కాబట్టి బోల్ట్‌ను కాపాడటానికి పీడనాన్ని 38,500 దగ్గరే ఆపారు. 200 గజాల లోపు జింకను నిలువునా కూలుస్తుంది, కాల్చినవాడి భుజాన్ని కూడా బాగానే తడుముతుంది. తేలికైన ఏఆర్-15లో ఈ తోపు కొత్తవాళ్లను భయపెడుతుంది. భయపడినవాడు ట్రిగ్గర్‌ను లాగకుండా కుదుపుతాడు, గురి చెదురుతుంది.

2019లో వించెస్టర్ తెచ్చిన .350 లెజెండ్ ఆ భయానికి సమాధానం. కేసు 1.71 అంగుళాలు. అడుగు .223 కొలతే కాబట్టి బోల్ట్ రకం మార్చక్కర్లేదు, మ్యాగజైన్ మాత్రం మార్చాలి. 150 గ్రెయిన్లతో 1,800 ఫుట్-పౌండ్లు, తోపు చాలా తక్కువ. ఒహాయోలో మొదటిసారి జింకల వేటకు వెళ్లేవాళ్లకు .450 కన్నా ఇదే మేలు. చట్టంలో రాసిన కొలతలను చూసుకుని, వాటికి సరిపోయేలా ఒక తూటాను పుట్టించడం ఈ రంగంలో అరుదుగా కనిపించే సంగతి.

6.8 ఎస్‌పీసీ, 7.62×39 కూడా అప్పర్లుగా దొరుకుతాయి. మొదటిది మంచి తూటాయే కానీ గ్రెండెల్, బ్లాకౌట్‌ల మధ్య నలిగిపోయింది. రెండోదాని కేసు బాగా వాలుగా ఉండటంతో, నిటారైన ఏఆర్ మ్యాగజైన్ గాడిలో తూటాలు సాఫీగా ఎక్కవు. చౌక తూటాలు దొరికినప్పుడే దానికి అర్థముంది.

లోయర్ మారదు అంటాం కానీ అది పూర్తిగా పక్కన కూర్చోదు. స్టాక్ లోపల ఉండి, వెనక్కి వచ్చే బోల్ట్ జోరును ఆపే బఫర్ అనే బరువు, స్ప్రింగ్ లోయర్‌లోవే. ప్రతి తూటాకూ వచ్చే గ్యాస్ వేరు, అది బోల్ట్‌ను వెనక్కి కొట్టే జోరు వేరు. సబ్‌సోనిక్ బ్లాకౌట్‌లో మందు తక్కువ కాబట్టి గ్యాస్ రంధ్రాన్ని ఛాంబర్‌కు చాలా దగ్గరగా పెడతారు. అదే బ్యారెల్‌లో మామూలు వేగం తూటా కాలిస్తే గ్యాస్ ఎక్కువై బోల్ట్ వేగంగా కొట్టుకుంటుంది. కొత్త అప్పర్ పెట్టగానే ఖాళీ కేసులు ముందుకు ఎగిరిపోతున్నా, లేదా బయటికి రాకుండా ఇరుక్కుంటున్నా తప్పు అప్పర్‌దే అనుకోనక్కర్లేదు. బఫర్ బరువు మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఆ పరీక్ష రేంజ్‌లోనే పూర్తికావాలి.

బ్యారెల్ పొడవు విషయంలో టెన్షన్ పడాల్సిన కారణం వేరే ఉంది. 1934 నాటి జాతీయ తుపాకీ చట్టం ప్రకారం 16 అంగుళాల కన్నా పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌కు ముందుగా తుపాకులను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి, నమోదు కావాలి. బ్లాకౌట్‌లో 9, 10 అంగుళాల అప్పర్లు మామూలుగా అమ్ముడవుతాయి, కొనడానికి అడ్డంకి లేదు. కానీ అనుమతి లేకుండా దాన్ని రైఫిల్ లోయర్‌కు తగిలించిన క్షణం నేరం పూర్తయినట్టే. 2026 జనవరి 1 నుంచి ఇలాంటి పొట్టి రైఫిళ్ల మీద 200 డాలర్ల పన్నును సున్నా చేశారు. అంతమాత్రాన నమోదు పోలేదు. పన్ను పోయిందని విని నమోదు కూడా పోయిందనుకునేవాళ్లు చిక్కుల్లో పడతారు. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను 2017 నుంచి చిన్న జంతువులకు ఒప్పుకున్నారు తప్ప జింకకు కాదు. అక్కడ ఏ అప్పర్ పెట్టినా జింకల సీజన్‌లో ప్రయోజనం లేదు. కొలరాడోలో సెమీ ఆటోమేటిక్‌కు ఛాంబర్‌తో కలిపి ఆరు తూటాలకు మించకూడదు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం లేని బుల్లెట్లే వాడాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్, వాషింగ్టన్ లాంటి చోట్ల ఏఆర్ తరహా రైఫిళ్ల మీదే గట్టి ఆంక్షలున్నాయి.

టెక్సాస్, ఒహాయోల్లో స్థిరపడిన తెలుగువాళ్లలో స్నేహితులతో కలిసి రేంజ్‌కు, పందుల వేటకు వెళ్లేవాళ్లున్నారు. వాళ్లు ముందుగా చూసుకోవాల్సింది వీసా. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాలో ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఆ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి. దాని గడువు ముగిస్తే మినహాయింపు కూడా పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఇక అప్పర్ ‘విడిభాగమే కదా’ అని సూట్‌కేసులో ఇండియాకు తెచ్చే ఆలోచన అసలు చేయకూడదు. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధ భాగాలు కూడా ఆయుధాలే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ వినోదం కోసం వేట లేదు.

డబ్బు లెక్క చివరికి జంతువు దగ్గరికే తిరిగొస్తుంది. అప్పర్‌కు వేరే స్కోప్ కావాలి, వేరే మ్యాగజైన్లు కావాలి, రెండో రకం తూటాల నిల్వ కావాలి. స్కోప్ ఒక్కటే అప్పర్ ధరను మించిపోవచ్చు. ఏడాదికి ఒక్క వారాంతం జింకకు మాత్రమే వెళ్లే మనిషికి .308 లేదా .270లో ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగే సాదా బోల్ట్ యాక్షన్ రైఫిల్ చవక, పైగా శక్తి ఎక్కువ. అప్పర్ మార్పిడి అర్థవంతం అయ్యేది లోయర్ మీద ఇప్పటికే చేయి కుదిరి, వేసవిలో కయోటీలు, నవంబర్‌లో ఒహాయో జింకలు, చలికాలంలో టెక్సాస్ పందులు అంటూ ఏడాది పొడవునా వేర్వేరు జంతువుల వెంట తిరిగేవాళ్లకు. వాళ్లు కూడా మొదట .223తోనే రేంజ్‌లో చేయి తిప్పుకుని, ఆ తర్వాత తమ రాష్ట్ర వేట నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని రెండో అప్పర్ ఎంచుకోవాలి.